అక్క కట్టిన ముడులు

మా అక్క ఎడమచేతితో బీడీలు కట్టేది. కామారెడ్డిలో రైల్వే స్టేషనుకు అవతల మేమున్న గల్లీలో, మధ్యాహ్నం వంటలయ్యాక ఆడవాళ్లంతా ఒకే అరుగు మీదికి చేరి ఒళ్లో చాటలు పెట్టుకుని కూర్చునేవారు. చాటలో కత్తిరించిన తునికాకు, ఒక మూల తంబాకు, దారం కండె. కాలేజీ నుంచి వస్తూ గల్లీ మొదట్లోనే నేను అక్కను గుర్తుపట్టేదాన్ని. అందరి చేతులూ ఒక దిక్కుకు తిరుగుతుంటే ఆమె చెయ్యి ఒక్కటే రెండో దిక్కుకు తిరిగేది.

అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. బాపు చెరుకు నరికే వాళ్లతో కలిసి ఏడాదిలో సగం రోజులు బయటే ఉండేవాడు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆయనా పోయాడు. అప్పటికి అక్కకు పెళ్లయి రెండేళ్లు. బావది ఎల్లారెడ్డి. కామారెడ్డి నుంచి రామారెడ్డి దారిలో ఆటో నడిపేవాడు కాబట్టి ఇద్దరూ కామారెడ్డిలోనే కిరాయికి ఉండేవారు. గాంధారి దగ్గరి మా ఊరి నుంచి నన్ను తీసుకెళ్లడానికి ఆ ఆటోలోనే వచ్చారు. నా పుస్తకాల సంచి, రెండు జతల బట్టలు తప్ప వెంట తెచ్చుకునేది ఏమీ లేదు. దారి పొడుగునా అక్క నా చెయ్యి వదల్లేదు. వాళ్లకు పిల్లలు కలగలేదు. అందుకే నన్ను పెంచారని గల్లీలో అనేవాళ్లు. నేనెప్పుడూ అలా అనుకోలేదు. పిల్లలున్నా పెంచేవారే.

అక్క నన్ను ఒక్కనాడూ చాట ముట్టనివ్వలేదు. కార్ఖానాకు బీడీలు అప్పజెప్పే పొద్దున ఎంత తొందరగా ఉన్నా, సాయం చేద్దామని నేను దారం అందుకుంటే నా చేతి మీద ఒక్కటి వేసేది.

"నీకెందుకే గిది? పోయి సదువుకో. ఈ తంబాకు కంపు నా ఒక్కదానికి సాలు."

కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే మనిషి వంకరగా ఉన్నవాటిని, ముడి వదులైనవాటిని ఏరి వాపస్ చేసేవాడు. ఆడవాళ్లు చాలామంది అక్కడినుంచి ముఖం చిన్నబుచ్చుకుని వచ్చేవారు. అక్క కట్టలు మాత్రం ఆయన చేత్తో ఇలా ఎత్తి చూసి అలా పక్కన పెట్టేవాడట. ఆమెకు జీవితంలో గొప్పగా చెప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే. "నావి ఒక్కటన్న వాపస్ రాలె ఇప్పటిదాంక" అని ఎవరూ అడగకపోయినా చెప్పేది.

2009లో నా ఎలక్ట్రానిక్స్ డిప్లొమా అయిపోయింది. మరుసటేడు హైదరాబాదు శివార్లలో పైలట్లకు శిక్షణ ఇచ్చే ఒక చిన్న స్కూలులో ఉద్యోగం దొరికింది. వాళ్ల దగ్గర నాలుగైదు చిన్న విమానాలుండేవి. వాటిలోని రేడియోలు, మీటర్లు బాగుచేసే వర్క్‌షాపులో నేను హెల్పర్‌ని. ఈ కబురు చెప్పినప్పుడు అక్క సంతోషపడలేదు, భయపడింది.

"ఇమానాలు బాగుచేస్తవా? నువ్వు బాగుచేసింది పడిపోతెనో?"

"నేను రేడియోలే చేస్తనక్కా. ఇంజను నా పని కాదు."

"రేడియోల పాటలొస్తయా?"

బావ పగలబడి నవ్వాడు. ఆ నవ్వుకు అక్కా నవ్వింది. అంతటితో భయం తీరిపోయింది.

మా వర్క్‌షాపు పెద్దసారు వాయుసేనలో రేడియో పని చేసి రిటైరైన మనిషి. మేము చేసిన పని ఆయన చూసి సంతకం పెడితేనే విమానం ఎగరాలి. కోప్పడేవాడు కాదు, గొంతు పెంచేవాడు కాదు, కాని ఆయన అద్దాలు ముక్కు మీదికి జారిస్తే మా గుండెలు జారేవి. వైర్ల కట్టలు ఆయన పాత పద్ధతిలోనే కట్టించేవాడు. అందరూ వాడే ప్లాస్టిక్ పట్టీలు ఆయనకు గిట్టవు. వాటిని కోసిన అంచు చేతిని గీరుతుందని, కుదుపులకు వైరును కూడా గీరుతుందని అనేవాడు. మైనం పూసిన సన్నటి పట్టీలాంటి దారంతో, వేలెడు వేలెడు దూరానికి ఒక ముడి వేయాలి. రెండు చుట్లు, వాటిమీద జంటముడి, చివర్లు పొట్టిగా కత్తిరించాలి. బిగువు ఎక్కువైతే వైరు పైతొడుగు నలుగుతుంది, తక్కువైతే ముడి జారుతుంది. చూస్తే చాలా తేలిక. నాకు రెండేళ్లయినా సరిగా పట్టుబడలేదు. ఒకటి బిగువు, ఒకటి వదులు. వేళ్లు ఎర్రగా కోసుకుపోయేవి.

2012 నాటికి స్కూలు బాగా చితికిపోయింది. పైలట్లకు ఉద్యోగాలు లేక నేర్చుకునేవాళ్లు తగ్గిపోయారు. యాజమాన్యం ఒక విమానాన్ని బయటిదేశం వాళ్లకు అమ్మాలనుకుంది. నాలుగు సీట్ల చిన్న విమానం, మా దగ్గరున్నవాటిలో అన్నిటికన్నా పాతది. కొనేవాళ్లు ఒక షరతు పెట్టారు. విమానాల్లో ట్రాన్స్‌పాండర్ అని ఒక పెట్టె ఉంటుంది. కింది నుంచి రాడార్ "ఎవరు నువ్వు?" అని అడిగితే అది జవాబిస్తుంది. మా పాతపెట్టె అడిగితేనే పలికేది. వాళ్ల దేశంలో కొత్త రూలు వచ్చింది. ఎవరూ అడగకపోయినా విమానం తన గుర్తు, తానున్న చోటు, ఎత్తు క్షణక్షణమూ తానే చాటుతూ ఉండాలి. చుట్టూ ఉన్న విమానాలకు, కింద ఉన్నవాళ్లకు అది తెలుస్తూ ఉండాలి. పాతపెట్టె తీసి కొత్తది పెట్టి, దాన్ని జీపీఎస్‌కు కలిపి, పనిచేస్తున్నట్టు కాగితాలతో ఇస్తేనే తీసుకుంటామన్నారు.

పెట్టె మార్చడం పెద్ద పని కాదు. దాని వెనక వైర్ల కట్ట మొత్తం కొత్తగా తయారుచేయాలి, అదే అసలు పని. పెద్దసారు ఆ పని నాకు అప్పజెప్పాడు.

"మొదటిసారి పూర్తిగా నీ చేత్తో చెయ్యమ్మా. కాగితం మీద పని చేసినవాళ్ల చోట నీ పేరు రాస్తాను" అన్నాడు.

ఆ కబురు అక్కకు చెప్పాలని సాయంత్రం ఫోన్ చేస్తే బావ ఎత్తాడు. అక్క దగ్గుతో రక్తం పడిందన్నాడు.

దగ్గు కొత్తది కాదు. అరుగు మీద కూర్చునే అందరికీ ఉండేదే. తంబాకు పొడి గాలి, ఎండాకాలం దుమ్ము, ఏదో ఒకటి అనుకుని మింగేసేవారు. హైదరాబాదు తీసుకొచ్చి పెద్దాసుపత్రిలో చూపిస్తే ఊపిరితిత్తిలో గడ్డ అన్నారు. అప్పటికే అది ముదిరిపోయిందన్నారు. నెలన్నర నా గదిలో ఉంచుకుని మందులెక్కించాం. జుట్టు ఊడిపోయింది. అన్నం సయించేది కాదు. ఒకరోజు డాక్టరు నన్ను, బావను బయటికి పిలిచి, ఇంటికి తీసుకెళ్లి మంచిగా చూసుకోండి అన్నాడు. ఆ మాటకు అర్థం బావకు వెంటనే తెలియలేదు. "అంటే నయమైనట్టేనా సారూ?" అని అడిగాడు. డాక్టరు నా వైపు చూశాడు. బస్టాండుకు నడుస్తూ నేనే చెప్పాల్సి వచ్చింది.

కామారెడ్డి వెళ్లాక అక్కను బీడీలకు దూరంగా ఉండమన్నాం. అక్కకు అదే పెద్ద శిక్షయింది. అరుగు మీద మిగతావాళ్ల చేతులు ఆడుతుంటే, ఈమె లోపల మంచం మీద కూర్చుని చీరకొంగు అంచు చుడుతూ, విప్పుతూ ఉండేది.

"చేతులు ఖాళీగుంటే పానం పోయినట్టే ఉంటదే" అనేది నాతో.

అది 2013 మొదట్లో ఒక శనివారం. వైర్లన్నీ కొలిచి కోసి, చివర్లకు పిన్నులు బిగించి, కనెక్టర్లలో పెట్టేశాను. ఇక దారంతో కట్టడమే మిగిలింది. బుధవారం దాన్ని విమానంలో బిగించాలి. ఇంతలో అక్కకు జ్వరమని బావ ఫోన్ చేశాడు. నేను చేసిన తప్పు అక్కడే మొదలైంది. వైర్ల కట్టను, మైనపు దారం కండెను బట్టలో చుట్టి సంచిలో పెట్టుకుని రైలెక్కాను. ఆదివారం ఇంటిదగ్గరే కట్టేసి సోమవారం తెద్దామనుకున్నాను. పెద్దసారును అడగలేదు. అడిగితే వద్దంటాడని తెలుసు.

మరునాడు పొద్దుటికి అక్కకు జ్వరం దిగింది. గంజి తాగించి, వెనక గుమ్మంలో ఎండ పడే చోట మంచం వేసి కూర్చోబెట్టాను. నేను పక్కనే చాప పరిచి, కట్టను పీట మీద పెట్టుకుని మొదటి ముడి వేశాను. రెండోది వేశాను. మూడోది జారింది. విప్పి మళ్లీ వేశాను. అక్క చాలాసేపు ఊరికే చూసింది.

"గిదేందే?"

"ఇమానంల పెట్టే వైర్లక్కా. ఊగకుంట గిట్ల కట్టాలె."

"గంత కష్టపడి కడ్తున్నవేందే? దారానికి కోపమొచ్చినట్టున్నది. ఇటియ్యి."

"వద్దక్కా. ఇది వేరే తీరు."

"ఒక్కపారి చూపియ్యి."

చూపించాను. నెమ్మదిగా, రెండు చుట్లు, మీద జంటముడి. ఆమె నా చేతుల్ని చూడలేదు, దారాన్నే చూసింది. తరువాత కట్టను ఒళ్లోకి లాక్కుని దారం అందుకుంది. మొదటి ముడి వేసి నా వైపు తిప్పి పట్టింది. "గిట్లనేనా?"

నేను వేలితో కదిపి చూశాను. కదల్లేదు. వైరు నలగలేదు. నేను రెండేళ్లుగా వేయాలనుకుంటున్న ముడి అది.

అప్పుడైనా వెనక్కి తీసుకోవలసింది. కాని అక్క ముఖం చూశాను. నెలల తర్వాత ఆమె కళ్లు ఒక పని మీద నిలిచాయి. భుజాలు ముందుకు వంగి, పెదవి పంటికింద పడి, అరుగు మీద కూర్చున్నప్పటి అక్క తిరిగి వచ్చింది. దగ్గు వస్తే కట్టను పక్కన పెట్టి, ముఖం తిప్పుకుని దగ్గి, నోరు కడుక్కుని, చేతులు తుడుచుకుని మళ్లీ అందుకునేది. దూరం కొలవడానికి చూపుడువేలు ఆనించేది. ఇంకో కొలత ఆమెకు అక్కర్లేదు. నలభై ముడులు. నేను మొదట వేసిన రెండింటిని కూడా విప్పి తనే వేసింది.

"నువ్వు నన్ను చాట ముట్టనియ్యలేదు కదా" అన్నాను నవ్వులాటకు.

"నీది మంచి పనే, అందుకే ముట్టిన" అంది.

బావ మధ్యాహ్నం అన్నానికి వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు. ఆమెను అలా చూసి ఎన్నాళ్లయిందో. చెప్పులు విప్పి, అన్నం కూడా అడగకుండా నా పక్కన చాప మీద కూర్చున్నాడు.

చివరి ముడి కత్తిరించి అక్క కట్టను నా చేతిలో పెట్టింది. "మీ సారుకు చూపియ్యి. నాది వాపస్ చెయ్యడు."

సోమవారం పెద్దసారు ఆ కట్టను బల్ల మీద పరిచి అద్దాలు పెట్టుకున్నాడు. మొదట్నుంచి చివరిదాకా వేలు జరిపాడు. అక్కడక్కడ ఆగి, ముడిని గోటితో తోసి చూశాడు. నాకు లోపల గర్వంగా కూడా ఉంది. ఆ మాట దాచను.

"చాలా బాగుందమ్మా" అన్నాడు. తరువాత అద్దాలు ముక్కు మీదికి జారాయి. "కాని ఇది నీ చెయ్యి కాదు."

ఆయన ఒక ముడి కొసను వేలితో చూపించాడు.

"నీ ముడి కొసలు కుడివైపు వస్తాయి. ఇవన్నీ ఎడమవైపు ఉన్నాయి. ఇది ఎడమచేతి మనిషి కట్టింది. మన దగ్గర ఎడమచేతివాళ్లు లేరు. ఎవరు కట్టారు?"

చెప్పాను. అక్క గురించి, జ్వరం గురించి, బీడీల గురించి, డాక్టరు మాట గురించి. ఏడవకూడదనుకున్నాను గాని కుదరలేదు. ఆయన వింటూ కుర్చీ లాగి నన్ను కూర్చోమన్నాడు, మంచినీళ్లిచ్చాడు. కోప్పడి ఉంటే బాగుండేది.

"కాగితం మీద ఎవరి పేరు రాయను?" అని అడిగాడు. "నీ పేరు రాస్తే అబద్ధం. ఆమె పేరు రాయడానికి లేదు. ఎవరు చేశారో రాయలేని పని విమానంలోకి పోకూడదు. ముడి మంచిదా చెడ్డదా అన్నది కాదు. రేపు ఏదైనా అయితే, ఎవరు కట్టారని అడిగితే, జవాబు ఉండాలి."

"మీరు ప్రతి ముడీ చూశారు కదా సార్."

"చూశాను. నేను కట్టినా ఇంత బాగా రాదు." కట్టను నా వైపు జరిపాడు. "విప్పెయ్యి. మళ్లీ నువ్వే కట్టు. ఆ తర్వాత ప్రతి వైరునూ మీటరు పెట్టి చూడు. నేను ఇక్కడే ఉంటాను."

విప్పడానికి రాలేదు. అక్క ముడి విప్పడానికి రాని ముడి. చిన్న కట్టరు తీసుకుని, వైరుకు తగలకుండా ఒక్కోదాని కింద మొన దూర్చి కత్తిరించాను. టిక్కుమని తెగి దారం బల్ల మీద పడేది. నలభైసార్లు. సారు కిటికీ వైపు తిరిగి ఏదో మాన్యువల్ చదువుతున్నట్టు నిలబడ్డాడు. అన్నీ అయ్యాక దారపు ముక్కల్ని ఆయనే చేత్తో ఊడ్చి చెత్తబుట్టలో వేశాడు. వర్క్‌షాపులో దారం ముక్క కూడా కింద ఉండకూడదన్నది నియమం. కత్తిరించే ముందు ఒక్క ఫొటో తీసుకోవాలని నాకు తోచలేదు. దాని గురించి ఇప్పటికీ బాధపడతాను.

ఆ రోజూ మరునాడూ కూర్చుని నేను మళ్లీ కట్టాను. మునుపటికన్నా బాగా వచ్చింది. అక్క దారాన్ని ఎలా పట్టుకుందో కళ్లముందు ఉంది కాబట్టి కావచ్చు. సారు చూసి సంతకం పెట్టాడు.

గురువారం పొద్దున విమానాన్ని షెడ్డు బయటికి తోసి, కొత్త పెట్టె ఆన్ చేశాం. కొంచెం దూరంలో బండి మీద పరీక్ష పరికరం పెట్టుకుని సారు కూర్చున్నాడు. తెర మీద ముందు ఏమీ రాలేదు. జీపీఎస్‌కు ఉపగ్రహాలు దొరకాలి. తరువాత ఒక్కొక్కటే వచ్చాయి, విమానం గుర్తు, ఎత్తు, ఉన్న చోటు. సారు బొటనవేలు ఎత్తి చూపించాడు. మధ్యాహ్నం పైలట్ దాన్ని గాల్లోకి తీసుకెళ్లి, నిజాంసాగర్ దాకా వెళ్లి తిరిగి వచ్చాడు. అంతా సవ్యంగా ఉందన్నాడు. నిజాంసాగర్ అంటే ఎల్లారెడ్డికి పక్కనే. నేనెక్కి ఉంటే మావాళ్ల ఇండ్లు పైనుంచి కనపడేవి. నన్ను ఎక్కించుకుంటారా అని అడగాలనిపించలేదు.

సాయంత్రం అక్కే ఫోన్ చేసింది. ఆయాసంతో మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది.

"ఏమాయెనే? సారు చూసిండా?"

"చూసిండక్కా."

"ఏమన్నడు?"

"నేను కట్టినా ఇంత బాగా రాదు అన్నడు." అది నిజమే. అక్కడ ఆగి ఉంటే బాగుండేది.

"మల్ల పాసైనయా? పెట్టిన్రా ఇమానంల?"

నోట్లో మాట సిద్ధంగా ఉన్నట్టే వచ్చింది. "పెట్టిన్రు. ఇయ్యాల ఎగిరింది. నిజాంసాగర్ మీదికెల్లి పోయొచ్చింది."

ఫోన్ దూరం పెట్టి ఆమె బావకు చెప్పడం వినిపించింది. "ఏమయ్యో, నా ముడులు నిజాంసాగర్ మీదికెల్లి పోయినయంట."

ఆ నెలలోనే బావ గది ఖాళీ చేసి అక్కను ఎల్లారెడ్డిలో తన తల్లి దగ్గరికి తీసుకెళ్లాడు. చూసుకోవడానికి ఇంకో మనిషి కావలసి వచ్చింది. నేను ప్రతి శనివారం రైల్లో కామారెడ్డి దిగి, అక్కడి నుంచి లింగంపేట మీదుగా బస్సులో వెళ్లేదాన్ని. మొదటివారం నేను వాకిట్లో అడుగుపెట్టగానే అక్క అత్తగారు ఎదురొచ్చింది. మోకాళ్లనొప్పులతో కర్ర పట్టుకుని నడిచే ముసలామె.

"నిజమేనా బిడ్డా? మా కోడలు కట్టిన దారం ఇమానంల ఉన్నదా? వాడకట్టంత చెప్పుకుంటున్నది."

మంచం మీద నుంచి అక్క నా ముఖమే చూస్తోంది. "నిజమే అత్తమ్మా" అన్నాను.

అప్పటినుంచి పైన విమానం చప్పుడు వినపడితే చాలు, చూడవచ్చిన వాళ్లతో అక్క చెయ్యెత్తి చూపించేది. అవి చాలా ఎత్తున పోయే పెద్ద విమానాలు. మా చిన్నదానికీ వాటికీ పోలికే లేదు. నేను సరిదిద్దేదాన్ని కాదు. అక్కను పలకరించడానికి వచ్చినవాళ్లు మొదట రోగం గురించే మాట్లాడేవారు, తరువాత ముడుల గురించి అడిగేవారు. రోగం గురించి అడిగితే ముఖం తిప్పుకునే మనిషి ముడుల గురించి అడిగితే లేచి కూర్చోవడానికి చూసేది.

ఒక శనివారం అక్క నన్ను ఫొటో అడిగింది. "అత్తమ్మ చూస్తనంటున్నది. ఫోన్ల తియ్యరాదు? వచ్చేవారం తే."

తేకుండా ఉండలేకపోయాను. విమానం ముందుభాగంలో పలక తీసి, పెట్టె వెనక కట్టను ఫొటో తీశాను. నేను కట్టిన కట్ట. మరుసటి వారం మంచం పక్కన కూర్చుని ఫోను చేతికిచ్చాను. అక్క దాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. బాగా చిక్కిపోయిన ఆ చేతిలో ఫోను బరువైనట్టు వణికింది. చాలాసేపు చూసింది.

"కొసలు కుడిదిక్కున్నయేందే?"

"ఫొటోల ఉల్టా పడ్తదక్కా" అన్నాను.

"ఔనా?" అంది.

ఫోను నాకివ్వకుండా పక్కనే ఉన్న అత్తగారికి అందించింది. "చూడు అత్తా. గివ్వే." ముసలామె అటూ ఇటూ తిప్పి చూసి, "ఎంత సక్కగున్నయో" అంది. అక్క నా చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది. నాకు తెలిసి అక్క దారం విషయంలో పొరపడే మనిషి కాదు. నన్ను నమ్మిందో, నమ్మినట్టు ఉండిపోయిందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఇంకో వారం ఉందిలే, అప్పుడు నిజం చెప్పి కాళ్లు పట్టుకుంటానని బస్సులో అనుకున్నాను.

ఆ వారం రాలేదు. గురువారం పదిగంటలప్పుడు బావ ఫోన్ చేశాడు. "పిల్లా, రా" అన్నాడు. అంతే అన్నాడు. పెద్దసారు తన స్కూటరు మీద నన్ను స్టేషనులో దింపి, రైలు వచ్చేదాకా పక్కన నిలబడ్డాడు. రైలు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికి వచ్చి, "నన్ను క్షమించమ్మా" అన్నాడు. ఆయన చేసిన తప్పేమీ లేదు. ఆ మాట అప్పుడు ఆయనకు చెప్పలేకపోయాను.

నేను చేరేసరికి అక్కకు స్నానం చేయించి పడుకోబెట్టారు. ఎడమచేతి చూపుడువేలు మీద ఏళ్ల తరబడి దారం ఒరిసిన గీత అలాగే ఉంది. పని మానేసి నెలలైనా అది పోలేదు. నేను ఆ వేలు పట్టుకునే కూర్చున్నాను, ఎత్తుకెళ్లేదాకా.

పదోరోజు కామారెడ్డి గల్లీ నుంచి అరుగు మీది ఆడవాళ్లంతా ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని వచ్చారు. వాళ్లలో పెద్దామె నా తల మీద చెయ్యి వేసి ఏడుస్తూ అంది, "ఏడ్వకు బిడ్డా. మా అందరి పని కాలిపోయేదే. అది కట్టిన దారం ఒక్కటే మీదికెక్కింది." పక్కనున్నవాళ్లు ఔనన్నారు. నేను కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయాను. దుఃఖమనుకున్నారు. దుఃఖమే, కాని అది ఒక్కటే కాదు.

విమానం ఆ ఎండాకాలమే వెళ్లిపోయింది. రెక్కలు విప్పి, పెట్టెల్లో పెట్టి ఓడ మీద పంపారు. మరుసటేడు స్కూలు మూతపడింది. పెద్దసారు ఇచ్చిన ఉత్తరంతో నాకు ఇంకోచోట పని దొరికింది.

2014లో తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు కామారెడ్డి వెళ్లాను. బావ మళ్లీ అక్కడే కిరాయికి ఉంటూ ఆటో నడుపుతున్నాడు. బస్టాండు ముందు వరసలో సవారీల కోసం చూస్తున్నాడు. ఇద్దరం పక్కనే చాయ్ తాగాం. బాగా చిక్కిపోయాడు. గడ్డం సగం తెల్లబడింది. ఆమధ్య ఆటో ఎక్కిన ఒక సవారీ ఆయనకు అక్క సంగతి గుర్తుచేశాడట, ఇమానం ముడుల ఆమె భర్తవు కదా అని. అది చెప్తూ బావ చిన్నగా నవ్వాడు. ఆ నవ్వు చూశాక నేను ఆగలేకపోయాను. మొత్తం చెప్పేశాను. కత్తిరించింది, మళ్లీ కట్టింది, ఫొటో సంగతి, అన్నీ.

బావ చాయ్ గ్లాసు చేతిలో అలాగే పట్టుకుని విన్నాడు.

"అక్కకు ఎరుకైందంటవా బావా? నీతోని ఏమన్న అన్నదా?"

"ఏమనలె" అన్నాడు. గ్లాసు కింద పెట్టి, "నువ్వు ఫొటో సూపిన నాడు, నువ్వు పోయినంక, చెల్లె మంచిగ కడ్తున్నది ఇప్పుడు అన్నది. నాకేం సమజ్ గాలె అప్పుడు" అన్నాడు.

రోడ్డు మీద ఏదో ఊరేగింపు పోతోంది, గులాల్ చల్లుకుంటూ, డప్పులు కొట్టుకుంటూ. అది దాటిపోయేదాకా ఇద్దరం అటే చూస్తూ నిలబడ్డాం. ఎల్లారెడ్డికి పోవాలని ఇద్దరు ముసలివాళ్లు మూటలతో వచ్చి ఆటో దగ్గర నిలబడ్డారు. అంత దూరం ఆటో పోదని, బస్సెక్కమని బావ చెప్తాడనుకున్నాను. ఆయన మూటలు అందుకుని వెనక సర్దాడు.

"మా అమ్మకు సూపు తగ్గింది. ఒకపారి సూసొస్త" అన్నాడు నాతో. ఆటోలో కూర్చుని, స్టార్టు చేసే ముందు నా వైపు వంగాడు. "ఆమెకు గీ ముచ్చట చెప్పకు పిల్లా. అరుగు మీదోళ్లకు గూడ చెప్పకు."

చెప్పనన్నాను.